గోడకు గాలాడనివ్వండి

పాత ఇళ్ల సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు వెనకబట్టగానే ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా చెమ్మ గురించి, మిద్దె కారడం గురించే. అందుకే ఆ రెంటికీ కాస్త విడమరిచి చెబుతున్నాం. ఒక ఉత్తరం అమెరికాలో ఇల్లు కొన్న పిల్లల కోసం ఇక్కడి తల్లిదండ్రులు రాసింది. జబ్బు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ప్రశ్న: మాది తాతగారు కట్టించిన ఇల్లు. ఇటుక గోడలు, సున్నపు పూత. కింద మూడడుగుల మేర పెచ్చులు ఊడుతుంటే ఏడేళ్లలో రెండుసార్లు సిమెంటు ప్లాస్టరింగు చేయించి, పైన డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు వేయించాం. ఇప్పుడు చెమ్మ అయిదడుగులకు ఎక్కింది. మేస్త్రి టైల్స్ అంటించేద్దాం అంటున్నాడు. అంటించమంటారా?
– ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. టైల్స్ అంటిస్తే చెమ్మ కనబడకుండా పోతుంది, అంతే. రెండు మూడేళ్లకు టైల్స్ పైఅంచు దాటి మళ్లీ మొహం చూపిస్తుంది.

దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పాత ఇటుక నేలలోని తడిని పీలుస్తుంది. ఆ కాలపు ఇళ్లకు పునాది మీద చెమ్మ ఆపే పొర ఉండేది కాదు. అయినా గోడలు నిలిచాయంటే సున్నపు పూత వల్లే. ఎక్కిన తడి ఎక్కినట్టే ఆ పూతలోంచి ఆరిపోయేది. మీరు సిమెంటు పూయించిన రోజున ఆ దారి మూసుకుపోయింది. తడి ఊరుకోదు కదా, ఆరే చోటు వెతుక్కుంటూ పైకి పాకింది. తడితో పాటు నేలలోని ఉప్పూ వస్తుంది. తడి ఆరిన చోట ఆ ఉప్పు గడ్డకట్టి, ఉబ్బి, ఇటుకను లోపలినుంచి పొడి చేస్తుంది. గోడ మీద తెల్లటి నూగులా కనిపించేది అదే.

కాబట్టి ముందు గోడ జోలికి పోకండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. మొదటి అనుమానం వీధి మీద. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరే అరుగు ఇప్పుడు వీధితో సమానమవుతుంది. బయటి నేల మీ ఇంటి గచ్చుకంటే ఎత్తుగా ఉంటే ఎన్ని పూతలు మార్చినా లాభం లేదు. గోడ వెంబడి అడుగు వెడల్పున, లోపలి గచ్చుకు ఆరంగుళాలు కిందికి వచ్చేలా కాలువ తవ్వించి, కంకర నింపి, నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టించండి. ఒకేసారి గోడ పొడుగునా తవ్వొద్దు. ఆరేసి అడుగుల చొప్పున తవ్వి నింపుతూ రావాలి, పునాది అడుగు దాటి కిందికి పోకూడదు. ఆ తర్వాత స్నానాలగది గొట్టం, ఏసీ నీళ్లు పడే చోటు, గోడకు ఆనించిన పూలకుండీలు చూడండి. సగం ఇళ్లలో దొంగ ఇక్కడే దొరుకుతాడు.

నీటి దారి మళ్లాక ఫిబ్రవరిలో పని మొదలుపెట్టండి. చెమ్మ గీతకు అడుగు పైదాకా, అంటే మీ ఇంట్లో ఆరడుగుల ఎత్తు వరకు, సిమెంటు పూతంతా తీసేయాలి. ఉలి, చిన్న సుత్తి చాలు. మెషీను పెడితే పూతతో పాటు ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. ఒకసారి మొహం పోయిన ఇటుక స్పాంజిలా తాగుతుంది. ఇటుకల మధ్య సందుల్లో, అంటే దరజుల్లో, సిమెంటు నింపి ఉంటే ముప్పాతిక అంగుళం లోతు గీకించండి. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, కింద పరిచిన కాగితాలతో సహా బయట పారేయాలి. కడగకండి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ఇక వేసవంతా గోడను వొట్టిగా వదిలేయండి. చూడ్డానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు. ఏమీ ఫరవాలేదు. అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల పడుతుందని పాత గోడల పని తెలిసినవాళ్ల లెక్క.

పూతకు డంగు సున్నం కావాలి. సంచుల్లో అమ్మే వెల్ల సున్నం కాదు, కాల్చిన రాతి సున్నాన్ని నీళ్లలో చల్లార్చి ముద్దగా నిలవ చేసింది. ఇంట్లోనే చల్లారిస్తే నీళ్ల తొట్టిలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు. కుతకుత ఉడికి చిమ్ముతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు ఉంచండి. ఎన్నాళ్లు నానితే అంత మంచిది.

మొదటి పూతకు సున్నపు ముద్ద ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఏటి ఇసుక రెండు పాళ్లు. రెండో పూతకు ముద్ద ఒకటి, సన్నగా జల్లించిన ఇసుక మూడు. ఏ పూతా అరంగుళం దాటకూడదు. ముందుగా గోడ తడపాలి. మొదటి పూతకు, రెండో పూతకు మధ్య వారం పది రోజులు ఆగాలి. వారం పాటు తడి గోనెపట్టాలు కట్టి ఉంచండి. ఎండకు గబగబా ఆరితే పూత పగుళ్లిస్తుంది, తప్పు సున్నం మీదికి పోతుంది. పైన వెల్ల సున్నం తప్ప ఎమల్షను, డిస్టెంపరు ఏదీ వద్దు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. పని సగంలో మేస్త్రి, ‘గట్టిదనానికి రెండు తాపీల సిమెంటు కలుపుదామండీ’ అంటాడు. ప్రేమతోనే అంటాడు. ఒప్పుకోకండి. గోడకంటే పూత గట్టిగా ఉండకూడదన్నదే ఇక్కడి కిటుకు. మొదటి ఏడాది కింది అడుగు మేర మళ్లీ ఉప్పు తేలి పూత పొడిపొడిగా రాలొచ్చు. కంగారు పడకండి, గోడలో మిగిలిన ఉప్పు అది. ఆ అడుగు మేర గీకి మళ్లీ పూస్తే సరి.

ప్రశ్న: మా మిద్దె టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేసింది. రెండు చోట్ల కారుతోంది. మిద్దె మీద వలలాంటి ఇనుప మెష్ పరిచి రెండంగుళాల కాంక్రీటు పోస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని కాంట్రాక్టరు హామీ ఇస్తున్నాడు.
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు బరువు లెక్క చూడండి. అంగుళం మందం కాంక్రీటు నూరు చదరపు అడుగులకు అయిదున్నర క్వింటాళ్లు తూగుతుంది. పన్నెండడుగులకు పదిహేనడుగుల గదికి రెండంగుళాలంటే దాదాపు 20 క్వింటాళ్లు. ఆ దూలాలు ఎప్పుడో తమ వంతు బరువు మోస్తున్నాయి. పైగా కారిన నీళ్లు ఇన్నాళ్లూ వాటి మీదే కదా పడింది!

దూలం మధ్యలో అరుదుగా చెడుతుంది. గోడలోకి దూరిన చివరే చెడుతుంది, అక్కడ గాలి తగలదు. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ గోడదాకా రండి. ఖంగుమన్న చప్పుడు బొదబొదగా మారిన చోట స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. అరంగుళం సులువుగా దిగితే అక్కడ పుచ్చిందని అర్థం. అప్పుడు కింద ఆసరాలు నిలబెట్టి, పుచ్చిన భాగం కోసి, పాత టేకు ముక్కే అతికి రెండు వైపులా ఇనుప పట్టీలు బోల్టులతో బిగించాలి. కొత్త చివర చుట్టూ వేలు దూరేంత సందు వదలాలి, సిమెంటుతో బిగించేయకూడదు. ఈ పని కొలతలు తీసి లెక్క కట్టే ఇంజనీరు చూశాకే చెయ్యండి. రెండు కంటే ఎక్కువ దూలాలు పుచ్చితే ఆ గదిలో పడుకోవద్దు.

కారడం విషయానికొస్తే, మిద్దె మీద వాలు కొలవండి. పదడుగులకు రెండంగుళాలన్నా దిగాలి. నీళ్లు నిలిచే చోట, తూము మూతి దగ్గర, పిట్టగోడ మిద్దెను కలిసే మూల, ఈ మూడు చోట్లలో ఒకటి తప్పకుండా విచ్చి ఉంటుంది. అంతమేరకు పై బిళ్లలు లేపి, సున్నం, ఇటుక పొడి సమపాళ్లుగా కలిపిన ముద్దతో మళ్లీ పరవండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపే పద్ధతి మంచిదే. బెల్లం ఎక్కువైతే సున్నం గట్టిపడడం ఆలస్యమవుతుంది, చీమలూ చేరతాయి.

పిట్టగోడలో రావి మొక్క ఉందని ఉత్తరం చివర రాశారు. పీకకండి. వేరు లోపలే తెగి రెండు నెలల్లో మళ్లీ చిగురిస్తుంది. మొదలంటా కోసి, పచ్చి మోడు మీద వెంటనే వేరు చంపే మందు పెస్ట్ కంట్రోల్ వాళ్ల చేత పూయించండి. ఎండాకే వేరు తీసి సున్నంతో సందు నింపండి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో 1910 ప్రాంతంలో కట్టిన ఇటుక ఇల్లు కొన్నారు. చెక్క కిటికీలు తీసేసి వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) కిటికీలు పెడదామంటే ఊరి కమిటీ అనుమతి కావాలట. సొంత ఇంటి మీద ఈ పెత్తనమేమిటి? ప్రభుత్వం ఏమైనా రాయితీ ఇస్తుందని కూడా ఎవరో చెప్పారు. నిజమేనా?
– దంపతులు, గాంధీనగర్, విజయవాడ

జవాబు: అక్కడ రెండు జాబితాలున్నాయి. పేర్లు ఒకేలా వినిపిస్తాయి కానీ పని వేరు.

ఒకటి 1966 చట్టంతో వచ్చిన నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్. ఇది గౌరవ పట్టిక లాంటిది. సొంత డబ్బుతో చేసుకునే పనికి దీనివల్ల అడ్డంకి లేదు. రెండోది ఊరి జాబితా, నగర పాలక సంస్థ తన చట్టంతో గుర్తించిన పాత పేటలు. పెత్తనమంతా దీనిదే. ఈ పద్ధతిని అమెరికాలో మొదట దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ 1931లో తెచ్చింది. రిచ్‌మండ్‌లో సెయింట్ జాన్స్ చర్చి చుట్టుపక్కల పేటను 1957లో ఇలా గుర్తించారు. అమెరికా స్వాతంత్ర్య పోరాట నేత ప్యాట్రిక్ హెన్రీ 1775లో స్వాతంత్ర్యమో మరణమో అని ప్రసంగించిన చర్చి అదే. ఇలా గుర్తించిన పేటల్లో వీధిలోంచి కనబడే బయటి మార్పులకు కమిషన్ ఆఫ్ ఆర్కిటెక్చరల్ రివ్యూ అనుమతి పత్రం తీసుకోవాలి. లోపల వంటిల్లు ఎలా మార్చుకున్నా ఆ కమిషన్ అడగదు. మీ వాళ్ల ఇల్లు ఏ జాబితాలో ఉందో చిరునామా చెప్పి నగర ప్లానింగు కార్యాలయంలో కనుక్కోవడం మొదటి పని. రెండింటిలోనూ ఉండొచ్చు.

కిటికీల సంగతిలో కమిషన్ వాదన కాస్త వినదగ్గదే. ఆ కాలపు కలప నిదానంగా పెరిగిన పెద్ద చెట్లది, ఇప్పుడు దొరికే చెక్కకంటే చేవ ఎక్కువ. సాధారణంగా చెడేది కింది కమ్మీ, గడప దగ్గర మాత్రమే. పైకి కిందికి జరిగే ఆ కిటికీ పక్కనున్న పెట్టెలో తాడుకు ఇనుప గుండు వేలాడుతుంది. తాడు తెగితే కిటికీ నిలబడదు, ‘పాడైపోయింది’ అంటారు. కొత్త తాడు వేస్తే చాలు. అద్దాల చుట్టూ ఎండిన పుట్టీ తీసి కొత్తది పెట్టి, బయట అదనపు అద్దాల చట్రం బిగిస్తే చలి చాలావరకు ఆగుతుంది. వినైల్ కిటికీలో రెండద్దాల మధ్య సీలు పోతే లోపల ఆవిరి పట్టి మసకబారుతుంది. అప్పుడు మరమ్మతు ఉండదు, మార్చడమే.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసం వాడకాన్ని 1978లో నిషేధించారు. 1910 నాటి ఇంట్లో పాత రంగు పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. ఆ కిటికీలను పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు. చిన్నపిల్లలున్నా, అమ్మాయి గర్భవతి అయినా అసలే వద్దు. సీసం పనికి సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరునే పిలవమనండి.

గోడల దగ్గరికొస్తే అదీ గుంటూరు కథే. మెత్తటి ఇటుక, సున్నపు దరజు. సిమెంటుతో దరజులు నింపితే తడి ఇటుకలో చిక్కుకుంటుంది. అక్కడ చలికాలం అది గడ్డకట్టి ఉబ్బి ఇటుక మొహాన్ని ఎగరగొడుతుంది. పాత దరజును దాని వెడల్పుకు రెండు, రెండున్నర రెట్లు లోతు తీసి, సున్నం పాలు ఎక్కువున్న మెత్తటి ముద్దతో నింపాలి. ఇసుక పీడనంతో గోడ కడుగుతామనే వాళ్లను గేటు దగ్గరే పంపేయాలి.

ఇక రాయితీ. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ అద్దెకిచ్చే, వ్యాపారానికి వాడే భవనాలకే. సొంతంగా ఉండే ఇంటికి రాదు. వర్జీనియా రాష్ట్రం మాత్రం సొంతిళ్లకూ అర్హమైన ఖర్చులో 25 శాతం ఇస్తుంది. ఇల్లు రాష్ట్ర జాబితాలో (పై రెండూ కాక ఇది మూడోది) విడిగా గానీ, అందులోని పేటలో భాగంగా గానీ ఉండాలి, లేదా ఆ జాబితాలో చేరే అర్హత ఉండాలి. యజమాని నివసించే ఇల్లయితే, ముందటి ఏడాది పన్ను కోసం కట్టిన విలువలో స్థలం పోను కట్టడం విలువకు కనీసం పాతిక శాతం ఖర్చు పెట్టాలి. కట్టడం విలువ 3,00,000 డాలర్లనుకుంటే కనీస ఖర్చు 75,000 డాలర్లు, దాని మీద రాయితీ 18,750 డాలర్లు. చేతికి నగదు రాదు. రాష్ట్ర ఆదాయపన్నులో తగ్గుతుంది, మిగిలింది పదేళ్లదాకా వాడుకోవచ్చు. ఇల్లు కొన్న ధర, కొత్తగా కలిపి కట్టే గదులు లెక్కలోకి రావు.

దరఖాస్తు మూడు భాగాలు. ఇంటి అర్హత, చేయబోయే పని, పూర్తయిన పని. రాష్ట్ర హిస్టారిక్ రిసోర్సెస్ శాఖకు పంపాలి. రెండో భాగానికి ఆమోదం వచ్చాకే సుత్తి పట్టడం క్షేమం. పని మొదలుపెట్టకముందు ప్రతి గదినీ, ప్రతి గోడనీ ఫొటో తీసి ఉంచుకోవాలి. ఇవి లేకే చాలా దరఖాస్తులు ఇరుక్కుంటాయి. ఇంకో మెలిక ఉంది. ఊరి కమిషన్ లోపలి సంగతి అడగదు గానీ రాయితీ ఇచ్చే రాష్ట్ర శాఖ అడుగుతుంది. మొత్తం పనిని ఒకటిగా చూస్తుంది కాబట్టి, అనుమతి లేకుండా కిటికీలు మార్చేస్తే మిగతా పనంతా ఎంత బాగున్నా రాయితీ పోవచ్చు. మీ వాళ్లు ఇప్పటికే వినైల్ కిటికీలకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆపమని ఈ రోజే ఫోన్ చేయండి.

ప్రశ్న: ఉండవల్లి గుహల దగ్గర మాకు పెంకుటిల్లు ఉంది. పైన అంతస్తు వేయడానికి వీల్లేదంటున్నారు. కనీసం పెంకులు మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉండవల్లి

జవాబు: ఆ గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. దూరం గుహ ముఖం నుంచి కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలుస్తారు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

మీ ఇల్లు 100 మీటర్లలోపల ఉంటే కొత్త అంతస్తు కుదరదు. మరమ్మతు చేసుకోవచ్చు, దానికి కూడా అనుమతి తీసుకోవాలి. షరతు ఒకటుంది: ఆ ఇల్లు 1992 జూన్ 16కి ముందునుంచే ఉందని, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ అనుమతితోనే కట్టారని చూపించాలి. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజు వెతికి పెట్టుకోండి. నియంత్రిత ప్రాంతంలో అయితే కొత్త కట్టడానికీ అనుమతి అడగొచ్చు. దరఖాస్తు అధీకృత అధికారికి వెళ్తుంది, ఆయన 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి, వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, ఆపైన నెలలో అధికారి తేల్చాలి. చట్టంలోని గడువులివి. కాగితాల్లో ఒక్కటి తగ్గినా ఉత్తరం వెనక్కొచ్చి లెక్క మళ్లీ మొదలవుతుంది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అనుమతి వచ్చాక బెంగుళూరు పెంకులు నూరు చదరపు అడుగులకు 140 పట్టేలా, పైన పదోవంతు అదనంగా కొనండి. పాత పెంకులన్నీ పారేయకండి. వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, డొల్ల చప్పుడైతే బీటలు వారింది. కోతుల బెడద ఉన్న చోట చూరు దగ్గరి రెండు వరసలు తీగతో బద్దలకు కట్టేయండి.

ప్రశ్న: మా ఇంటి చెక్కడపు ద్వారబంధం నూటపాతికేళ్లది. ఇల్లు పడగొట్టాక దాన్ని అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికి పంపుదామని ఉంది.
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కుదరదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం, చేతిపని వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. విలువైన రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వీటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. అంత పాతది కాని వస్తువైతే, పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుని పంపొచ్చు. దేశంలో అమ్మాలన్నా ముందు దాని రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోండి. ఇల్లు ఎందుకు పడగొడుతున్నారో రాయలేదు. కారణం చెమ్మే అయితే మొదటి జవాబు ఒకసారి చదవండి.

ప్రశ్న: ఎర్ర గచ్చు మెరుపు పోయింది. యాసిడ్‌తో కడిగించమంటారా?
– ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: వద్దు, యాసిడ్ పై పొరను తినేస్తుంది, మరకలు ఇంకా లోతుకు పోతాయి. కుంకుడుకాయ నీళ్లతో రుద్ది, తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి. తేనెమైనం పాలిష్ పల్చగా పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దండి. ఒకేసారి మందంగా పూస్తే జిగటగా ఉండి దుమ్ము పడుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో జారుడు కూడా.